మూడు మెలికల ముడి

మీటరు 61,204

ఈ పుస్తకం ఊరి గేటు చూసుకునే సాలమ్మ ఇచ్చింది. బండి యజమాని చనిపోతే లెక్కరోజు దాకా ఇంట్లోవాళ్ళు బండిని నడుపుతూ ఉండాలి. చేసిన పని ఇందులో రాయాలి.

"ఎంత రాయాలి?" అని అడిగాను.

"తక్కువ రాయండి పరాంకుశం సార్. మళ్ళా సదవాల్సింది నేనే గదా."

తక్కువే రాస్తాను.

బండి నా భార్య వకుళది. కొండ మీది ఊళ్ళకు వెళ్ళి బావినీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం ఆమెది. అందుకే బండి ఆమె పేరు మీద ఇచ్చారు. వానల మొదట్లో జ్వరం వచ్చింది. వారమే బతికింది.

ఈ రోజు పని: టైర్లలో గాలి చూశాను. వెనక ఎడమ టైరులో తగ్గింది, కొట్టాను. బ్యాటరీ కొనల మీద తెల్లటి పొడి పేరుకుంది. సోడా కలిపిన నీళ్ళతో కడిగి, తుడిచి, గ్రీజు రాశాను. జొన్నసారా పావు ట్యాంకు ఉంది. ఇంజను ఆయిల్ నల్లబడింది కానీ మట్టం సరిగానే ఉంది.

నేను బానెట్ ఎత్తి రెండేళ్ళయింది. అంతకు ముందు ఆదివారాలు ఆ పని నాదే. నడుం పట్టేశాక వకుళ మాన్పించింది. "దారిలో ఎవరో ఒకరు చూస్తార్లే. నువ్వు వంగకు" అంది.

ఎవరో ఒకరు కాదు. ఒక్కరే.

దారిలో ఆగిన బండిని బాగుచేసినవాళ్ళు, బాగుచేసిన చోట రాగితీగతో, గేటులో నమూనా ఇచ్చిన తమ చేతిముడి వేసి పోతారు. నా ముడి రెండు మెలికలు, కొన కిందికి వంచి ఉంటుంది. పాతవి అక్కడక్కడా కనిపించాయి, పచ్చబారి. వాటి మధ్య ఇంకో ముడి. మూడు మెలికలు, కొన గుండ్రంగా చుట్టి, ముక్కుపుడకలా. ఫ్యాను బెల్టు పక్కన ఒకటి. ఫ్యూజు పెట్టె కింద ఒకటి. రేడియేటరు గొట్టం మీద, బ్యాటరీ తీగ మీద, బ్రేకు నూనె డబ్బా మెడకు. చక్రాల లోపల కూడా ఉన్నాయి.

లెక్కరోజున ఎవరి ముళ్ళు ఎక్కువుంటే బండి వాళ్ళది. భర్త ముడి కూడా ఒక ముడిగానే లెక్క.

అతనివి ఇన్ని ఉన్నాయి. పెళ్ళిలో నేను వేసినవి మూడే.

మీటరు 61,204

బండి కదల్లేదు. లోపల ఊడ్చాను.

డ్రైవరు పక్కసీటు బాగా వెనక్కి జరిపి ఉంది. నేను పొట్టివాణ్ణి. నేను కూర్చుంటే కాళ్ళు ముందు తగిలేవి కావు. వకుళ నాకంటే పొట్టి. ఎవరో పొడుగాటి మనిషి కూర్చున్నాడు, మళ్ళీ కూర్చుంటాడని సీటును అలాగే వదిలేశారు.

ఆ సీటు కింద ఊక ఉంది. వరి ఊక. మేము ఊక వాడే పని ఏదీ చేయం.

అరలో చేతితొడుగు ఒకటి దొరికింది, ఎడమది. మరకలు. వకుళది ఎడమచేతి వాటం. గంటె పట్టినా కలం పట్టినా ఆ చేత్తోనే. మా అమ్మ చివరిదాకా దానికి సణిగింది. పరీక్ష మందులు ముట్టుకునేటప్పుడు వేసుకునేదేమో. ఉతికాను. మరకలు పోలేదు.

సాయంత్రం నడుచుకుంటూ గేటుకు వెళ్ళాను.

"మూడు మెలికలు, కొన చుట్టిన ముడి ఎవరిది?"

సాలమ్మ వక్కాకు నములుతూ నన్ను పైనుంచి కిందికి చూసింది. "లెక్కరోజు దాకా సెప్పకూడదు సార్. మీకు తెల్సు గదా రూలు."

"ఊరికే అడిగాను."

"ఊరికే అడగనీకి ఇంత దూరం నడిసొచ్చినారా, ఆ నడుంతో?"

తిరిగి వచ్చేశాను.

మీటరు 61,219

ఊరి చుట్టూ ఒకసారి తిప్పాను. ఆగిన బండికి వారసుడు ఉండడు.

మా నాన్న వయసులో ఉన్నప్పుడు రోడ్డే బండిని నడిపేదట. ఎక్కి కూర్చుని, వెళ్ళాల్సిన ఊరి పేరు చెప్పి నిద్రపోయేవాడట. రోడ్డు మూగపోయాక పుట్టినవాణ్ణి నేను. పెళ్ళైన కొత్తలో వకుళకు క్లచ్ నేర్పింది నేనే. స్టెప్నీ మార్చడం నేర్పబోతే, "నువ్వున్నావుగా" అంది. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇంక నేర్పలేదు.

ఇంటికి వచ్చి బానెట్ ఎత్తాను. ఇంజను వేడిగా ఉంది. ముళ్ళు మెరుస్తున్నాయి. సారా బండ్లలో రబ్బరు త్వరగా పగులుతుంది కనుక, కింది గొట్టానికి ఎవరో ట్యూబు పట్టీ చుట్టి, తీగతో బిగించి, చివర ముడి వేశారు. చాలా శుభ్రంగా వేశారు. నేను వేసినా అంత శుభ్రంగా రాదు.

కటింగ్ ప్లేయరు తీసుకుని ఆ ముడి కోశాను.

ఇతరుల ముడి కోయడం నేరం. కోసినవాడికి బండి రాదు. ఇది గేటువాళ్ళు చదివే పుస్తకమని తెలిసే రాస్తున్నాను. తీగ ముక్కను పాత బోల్టుల డబ్బాలో పడేశాను. పారేయవలసింది, పారేయలేదు.

మీటరు 61,241

వకుళ చివరిగా తెచ్చిన నీటిసీసాలు ఇంట్లోనే ఉండిపోయాయి. కొండ మీది ఊరివాళ్ళు ఖాళీ సీసాలు కావాలని కబురు పెట్టారు. ఇద్దామని బయలుదేరాను.

ఘాటు సగంలో, గద్దమలుపు దగ్గర, వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. బండి పక్కకు తీసి ఇంజను ఆపాను. వెనక చక్రానికి రాయి పెట్టాను. బానెట్ ఎత్తితే ఆవిరి. కింది గొట్టం దగ్గర నీళ్ళు కారుతున్నాయి. పట్టీ ఊడి వేలాడుతోంది.

నేను కోసింది గుర్తు ఒక్కటే కాదు. ఆ ముడే పట్టీని బిగించి ఉంచింది.

వంగి చూశాను. నడుం ఒప్పుకోలేదు. వైపరుకు తెల్లగుడ్డ కట్టి కూర్చున్నాను. తెల్లగుడ్డ చూసి ఆగనివాడికి ఏ గేటూ తెరవరు కాబట్టి ఎవరో ఒకరు ఆగుతారు.

ఒక వ్యాను వచ్చి ఆగింది. వెనక తట్టలు, తట్టల్లో ఊక, ఊకలో కోడిగుడ్లు. దిగిన మనిషి చాలా పొడుగు.

"ఏమబ్బా, బండిని పొయ్యి మీద పెట్టినావా?" అంటూ వచ్చాడు. నంబరు చూసి ఆగిపోయాడు. "ఇది వకుళమ్మ బండి గదా."

"అవును. నేను ఆమె భర్తను."

చేతులు లుంగీకి తుడుచుకుని దండం పెట్టాడు. "నా పేరు దస్తగిరి. గేటులో సాలమ్మ చెప్పినాక తెల్సింది సార్. రెండు దినాలు గుడ్లు ఎత్తలేదు నేను."

నేను రేడియేటరు మూత మీద చెయ్యి వేశాను, ఏదో ఒకటి చేయాలని.

"అయ్యో, మూత ముట్టొద్దు సార్! మొగమంతా కాల్తాది. సల్లారనీండి."

చల్లారేదాకా ఇద్దరం పిట్టగోడ మీద కూర్చున్నాం. అతను ఉడికించిన గుడ్డు ఒకటి తీసి నా వైపు చాచాడు.

"తినను. మా ఇంట్లో తినం."

"వకుళమ్మ గూడా మొదట అట్లే అనింది." నవ్వాడు. "తర్వాత ఉప్పుకారం ఇంటికాడ్నుంచే తెచ్చుకునేది, పొట్లం కట్టుకుని."

ఉప్పుకారం పొట్లం నేను చూశాను. జామకాయలకనుకున్నాను.

బండి చల్లారింది. దస్తగిరి పొడుగు మనిషి కాబట్టి పెద్దగా వంగకుండానే చెయ్యి కిందిదాకా పోయింది. ఊడిన పట్టీ తీశాడు. తీగ కొన వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"ఇది తెగలేదు సార్. కోసినారు. ప్లేయరు గాటు చూడండి, ఎంత నున్నగుందో."

నేను ఆకాశం చూశాను. నా ఉద్యోగం వానమాపు కేంద్రంలో. ఆకాశం చూస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

అతను సైకిలు ట్యూబు కోసి కొత్త పట్టీ లాగి చుట్టాడు, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు వచ్చేలా. తీగ బిగించాడు.

"ముడి అక్కర్లేదు" అన్నాను.

"ముడి లేకుంటే పట్టీ ఎట్ల నిలబడ్తాది? మీరు చూసినారు గదా." తీగ కొన పట్టుకున్నాడు. "అయినా పేరు పెట్టకుండా పోతే, రేప్పొద్దున మీరు లోయలో పడితే ఎవడ్ని తిట్టాల జనం?"

మూడు మెలికలు. కొన గుండ్రంగా చుట్టి. నా కళ్ళ ముందే వేశాడు. అతని లెక్కలో ఇంకొకటి చేరింది. ముడి వేస్తూ ఏదో రాగం తీశాడు.

"ఏం పాట అది?"

"యామో సార్. వకుళమ్మ పాడుతుండె. బండి సల్లారేదాకా ఏం చేస్తాం మరి?"

నీళ్ళు పోసి, ఆవిరి బిగుసుకోకుండా మూత సగమే తిప్పి వదిలాడు. మెల్లగా దిగమన్నాడు. "లెక్కరోజు శుక్రారం గదా? వస్తా" అన్నాడు.

మీటరు 61,263

సీసాలు ఇవ్వకుండానే దిగి వచ్చాను.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో వకుళ పాడగా నేను వినలేదు. కూనిరాగం కూడా తీయలేదు. నేను వింటున్నానని తీయలేదా, నేను లేననే అక్కడ తీసిందా? పిట్టగోడ మీద కూర్చుని, గుడ్డు మీద ఉప్పుకారం చల్లుకుని, పాడింది.

రెండు మెలికల మనిషిని నేను. పరీక్ష మందులకు, జీతానికి, వైద్యానికి సంతకాలు పెట్టినవాణ్ణి. జ్వరంలో తడిగుడ్డ వేసినవాణ్ణి. వాటికి ముడి వేయరు.

పక్కసీటు ముందుకు జరిపాను. ఒక పూట అలా ఉంచి, మళ్ళీ వెనక్కి జరిపాను. ఆమె పెట్టుకున్నది అలాగే ఉండాలి. ఎవరి కోసం పెట్టినా సరే.

బండి ఇవ్వను. నా ముళ్ళు మళ్ళీ లెక్కబెట్టుకున్నాను. నిన్నటి కంటే ఎక్కువ కాలేదు.

మీటరు 61,266

శుక్రవారం. లెక్కరోజు.

గేటు ముందు రేకుల నీడలో బండి పెట్టించారు. సాలమ్మ కళ్ళజోడు పెట్టుకుని ముందు ఈ పుస్తకం చదివింది. ఒక పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. 

"ఈ పేజీలో గ్రీజు మరకలు పడినాయి సార్. ఏమీ కనపడల్యా నాకు" అంది. పేజీ తిప్పేసింది.

ఆ పేజీలో మరకలు లేవు.

తరువాత సుద్దముక్క పట్టుకుని బానెట్ కిందికి దూరింది. ఒక్కో ముడి పక్కన గీత పెట్టింది. నా వాటికి తెలుపు, దస్తగిరి వాటికి ఎరుపు. బయటికి వచ్చాక చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఇంజనంతా ఎర్రగా ఉంది.

"బండి దస్తగిరిది" అంది సాలమ్మ.

దస్తగిరి గోడకు ఆనుకుని ఉన్నాడు. "నాది కాదు" అన్నాడు.

"నీ ముళ్ళే గదప్పా. నమూనా లోపలుంది, తెచ్చి చూపియ్యాల్నా?"

"ముడి నాదే. చెయ్యి నాది కాదు." అతను బానెట్ కిందికి వంగి నన్ను పిలిచాడు. "సార్, ఇట్ల రాండి. ఇది మొన్న మీ ముందర నేను వేసినా గదా. మెలిక ఏ పక్కకు వాలింది?"

"కుడికి."

"ఇది?" బ్యాటరీ తీగ మీది ముడి చూపించాడు. తర్వాత ఫ్యూజు పెట్టె కిందిది. తర్వాత బెల్టు పక్కది.

ఎడమకు వాలాయి. మూడూ.

నెలన్నరగా ఆ ముళ్ళు ఎన్నో లెక్కబెడుతూనే ఉన్నాను. ఎటు వాలాయో ఒక్కసారీ చూడలేదు.

"మొదటి రెండు మూడుసార్లు నేను చేసినా. ఆమె పక్కన నిలబడి చూసి, ఇట్లా ఇయ్యి అనింది. నేర్చుకునేవాళ్ళు గురువు ముడే వేయాల గదా, సొంతముడి గేటులో రాయించుకునేదాకా. అందుకే నా ముడి. సీట్లో కూర్చుని తప్పులు పట్టడమే నా పని. అబ్బ, ఎన్ని తిట్లు తినిందో!"

ఆ నియమం నాకు తెలుసు. గురుముడి గురించి అందరికీ తెలుసు. అది వకుళకు వర్తిస్తుందని తోచలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

దస్తగిరి సాలమ్మ వైపు చూశాడు. ఆమె వేరే వైపు చూసింది.

"మీ నడుం బాగైతే మళ్ళా ఆదివారం ఆదివారం మీరే చేసుకోవాల అనింది. తనకొచ్చని తెల్సిందంటే మీరు ఇంక బానెట్ ఎత్తరంట. పొద్దంతా వానడబ్బా కాడ కూర్చుంటారంట." మెడ గోక్కున్నాడు. "నేనేం జెప్పినా? బ్రేకులు నేర్చుకునేదాకా సొంతముడి లేదని చెప్పినా. ఇచ్చేసి ఉంటే బాగుండు."

 అప్పటికీ ఒక మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది. బ్రేకులు నేర్చుకుంటూ ఆమె మొహం ఎలా పెట్టేదో ఈయన చూశాడు.

సాలమ్మ గొంతు సవరించుకుంది. "ఎవరు వేసినా గురుముడి గురువు లెక్కే. రూలు రూలే. దస్తగిరీ, నీకు బండి అక్కర్లేదంటే నీ ముళ్ళన్నీ కోసేయి. అప్పుడు సార్‌వే మిగులుతాయి. బండి సార్‌ది అయితాది."

"అంతే గదా." దస్తగిరి జేబులోంచి ప్లేయరు తీశాడు. బ్యాటరీ తీగ మీదికి వంగాడు. ప్లేయరు నోరు తెరిచి, ఎడమకు వాలిన మూడు మెలికల కింద పెట్టాడు.

"ఆగండి" అన్నాను.

"ఒక్క నిమిషం పని సార్."

"కోయొద్దు."

"బండి పోతాది సార్" అంది సాలమ్మ. "సదువుకున్నోళ్ళు, ఆలోచించుకోండి."

"పోనీయండి. ముళ్ళు ఉండనీయండి."

దస్తగిరి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. "నేనేం జేసుకునేది సార్ రెండో బండి? నాకు ఉండేది ఒక్కటే ముడ్డి. రెండు సీట్లలో కూర్చోలేను గదా."

సాలమ్మ నవ్వు ఆపుకోవడానికి పుస్తకం అడ్డం పెట్టుకుంది.

నా నుంచి తాళం దస్తగిరికి పోయింది. పుస్తకం మూసేస్తే సరిపోయేది. సాలమ్మ మూయలేదు. యజమానికి బండి నడిపే మనిషి కావాలంటే పెట్టుకోవచ్చని చెప్పి, ముద్ర వేసి, మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

ఇంటికి నడిచి వచ్చాను. పాత బోల్టుల డబ్బా నేల మీద బోర్లించాను. తీగ ముక్క దొరికింది. తెల్లగీత, ఎర్రగీత పెట్టలేని ముడి అదొక్కటే. ఎడమకు వాలింది.

మీటరు 61,340 (బండి దస్తగిరిది)

నీటి పరీక్షల ఉద్యోగంలో కొత్త అమ్మాయి చేరేదాకా సీసాలు నేను చేరవేస్తున్నాను. బండి నడిపేది నేను, పక్కసీట్లో యజమాని. వ్యాను తన తమ్ముడికి ఇచ్చి ఈ రోజు కూడా నాతో వచ్చాడు, నా పని చూడటానికి. వద్దన్నాను. "నా బండి, నేనెక్కుతా" అన్నాడు. సీటు సరిపోయింది.

గద్దమలుపు పైన తెల్లగుడ్డ కనిపించింది. పెళ్ళికి పోతున్న జీపు, ముందు టైరు పంక్చరు. పెళ్ళికొడుకు మేనమామ జాకీ పెట్టి బండి ఎత్తేసి, తర్వాత నట్లు విప్పబోయాడు. చక్రం గాలిలో గుండ్రంగా తిరుగుతోంది, నట్టు కదలడం లేదు.

"దించండి" అన్నాను. "నేల మీద ఉన్నప్పుడే నట్లు వదులు చేసుకోవాలి. తర్వాత ఎత్తాలి."

"సార్, ముహూర్తం మించిపోతాది" అన్నాడాయన.

"పెళ్ళికొడుకు పారిపోడులేప్పా, నువ్వు దించు" అన్నాడు దస్తగిరి.

నేను వంగకూడదు. రోడ్డు మీద గోనెసంచి పరిచి, ఆనుకుని కూర్చుని చేశాను. అలా కూర్చుని చేయవచ్చని ఇన్నేళ్ళు తోచలేదు. ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించాను, దించాక గట్టిగా.

తీగ తీశాను. నాకు సొంతముడి ఉంది. గురుముడి వేయాల్సిన అవసరం లేదు.

మూడు మెలికలు తిప్పాను. ఎడమచేత్తో. వేళ్ళు మాట వినలేదు. కొన చుట్టబోతే వంకర పోయింది.

"ఇది నమూనాకు కుదరదు" అన్నాడు దస్తగిరి. "సాలమ్మ ఒప్పుకోదు."

"విప్పనా?"

అతను కాసేపు చూశాడు. "ఉండనీండి."

జీపు వెళ్ళిపోయింది. మా ఇంజను వేడెక్కి ఉంది. చల్లారేదాకా పిట్టగోడ మీద కూర్చున్నాం. అతను గుడ్డు ఒలిచి, అడగకుండా, తనే తిన్నాడు. లోయలో మబ్బు పైకి వస్తోంది. అతను ఆ పాట ఎత్తుకున్నాడు. అతను దాన్ని ఎత్తుకున్నప్పుడల్లా లేచి వెళ్ళి టైర్లు తన్ని చూస్తాను. ఈ రోజు లేవలేదు.

సగంలో ఆపేశాడు. "ఇక్కడ వకుళమ్మ ఎప్పుడూ తప్పు పాడేది సార్."

"ఎలా తప్పేది?" అని అడిగాను.